మర్యాద – వేతనం: హోటల్ సిబ్బంది భావోద్వేగ శ్రమపై భాషాపరమైన పరిశీలన (సోంపేట, ఉద్దానం నేపథ్యంలో)

వ్యాస సంగ్రహం:

హోటళ్లలో, లాడ్జీలలో అతిథితో నేరుగా మాట్లాడే సిబ్బంది తమ కోపాన్నీ అలసటనూ అణచుకొని, యజమాని కోరిన ముఖభావాన్ని చూపడాన్ని సామాజిక శాస్త్రం ‘భావోద్వేగ శ్రమ’ అని వ్యవహరిస్తుంది. ఈ శ్రమనూ, దానివల్ల కలిగే నిస్సత్తువనూ వివరించిన సిద్ధాంతాలు ఎక్కువగా ఇంగ్లీషు మాట్లాడే సమాజాల అనుభవం నుంచి పుట్టినవి. తెలుగులో ఈ శ్రమ చిరునవ్వు కంటే ముందు సర్వనామంలో, క్రియారూపంలో, వరస పిలుపులో జరుగుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఉద్దానం వంటి ప్రాంతం నుంచి సేవారంగానికి వెళ్లే యువతకు ఇంటి దగ్గర అబ్బిన మర్యాద, వేతనానికి అమ్ముడుపోయినప్పుడు ఎలా మారుతుందో వివరించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: భావోద్వేగ శ్రమ, బర్నౌట్, వరస పిలుపు, గౌరవార్థకాలు, ఉద్దానం, సేవారంగం.

1. ఉపోద్ఘాతం

సోంపేటలో ‘హోటల్’ అంటే టిఫిను తిని టీ తాగే చోటు. రాత్రి బస చేసే చోటు ‘లాడ్జి’. ఇంగ్లీషులో ఒకే మాట మోసే రెండు పనులను ఇక్కడి వాడుక రెండుగా విడదీసింది. ఈ వ్యాసంలో హోటల్ సిబ్బంది అన్నప్పుడు ఆ రెండు చోట్లా అతిథికి ఎదురుపడేవారే నా దృష్టిలో ఉన్నారు. కౌంటరు దగ్గర కూర్చునేవారు, సర్వర్లు, రూమ్ బాయ్‌లు, పెద్ద హోటళ్లలో రిసెప్షనిస్టులు ఈ కోవలోకి వస్తారు. వంటగదిలో పనిచేసేవారి శ్రమ తక్కువది కాదు. అయితే పొయ్యి దగ్గర చిరాకు పడినా అడిగేవారు లేరు. ముందువరుసలో ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు.

‘రూమ్ బాయ్’ అన్న మాట దగ్గర కాస్త ఆగవలసి ఉంది. యాభై ఏళ్లు దాటి, మనుమలున్న మనిషి కూడా ఆ ఉద్యోగంలో బాయ్‌గానే ఉంటాడు. ఊళ్లో అతణ్ణి పెదనాన్న అనో, మావ అనో పిలిచే వయసున్న కుర్రవాడు లాడ్జి గది తలుపు తీసి ‘బాయ్’ అని కేకేస్తాడు. ఆ కేకకు అతడు ‘సార్’ అని బదులిస్తాడు. ఈ రెండు మాటల మధ్య జరిగిన లావాదేవీలో జీతానికి లెక్క కట్టని పని ఒకటుంది. ఈ వ్యాసం దాని గురించే.

2. భావన పుట్టుక

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ రసెల్ హోక్‌షీల్డ్ 1983లో ‘ద మేనేజ్డ్ హార్ట్’ అన్న గ్రంథం ప్రచురించారు. భావోద్వేగ శ్రమ అన్న భావన విద్యాలోకంలో స్థిరపడింది దానితోనే. ఆమె ప్రధానంగా డెల్టా విమానయాన సంస్థ పరిచారికలను పరిశీలించారు. వారికి ఎదురుగా, బాకీలు వసూలు చేసే ఉద్యోగులను నిలబెట్టారు. ఒకరు ఎదుటివారిని ఉన్నదానికన్నా పెద్దవారిగా, రెండోవారు ఉన్నదానికన్నా చిన్నవారిగా భావింపజేయాలి. ఇద్దరి పనీ భావాల మీదే. ఇద్దరూ దానికే జీతం తీసుకుంటారు. ఇంట్లో, స్నేహాల్లో మనం చేసుకొనే భావ నియంత్రణను ఆమె దీనినుంచి వేరుచేశారు. ఇంట్లో చేసేదానికి ఉపయోగపు విలువ మాత్రమే ఉంటుంది. ఉద్యోగంలో చేసేది మార్కెట్లో అమ్ముడుపోతుంది, పై అధికారి పర్యవేక్షణలో ఉంటుంది.

ఈ శ్రమ చేసే తీరులో ఆమె రెండు రకాలను గుర్తించారు. లోపల కోపం అలాగే ఉంచి ముఖం మాత్రం మార్చుకోవడం మొదటిది. దీన్ని ‘పైపై నటన’ అందాం. కోపాన్నే మార్చుకోవడానికి ప్రయత్నించి, ఎదుటి మనిషి పట్ల నిజంగానే దయ కలిగేలా మనసును మలచుకోవడం రెండోది. దీన్ని ‘లోలోపలి నటన’ అనవచ్చు. డెల్టా శిక్షణలో విమానాన్ని తమ సొంత ఇంటి ముందుగదిగా, ప్రయాణికులను ఇంటికి వచ్చిన చుట్టాలుగా ఊహించుకొమ్మని నేర్పేవారట. తెలుగు పాఠకుడు ఈ విషయాన్ని గుర్తుపెట్టుకోవాలి. వ్యాసంలో దీనితో మళ్లీ పని ఉంది.

తరువాతి పరిశోధన ఈ రెండింటి ఫలితాలు ఒకటి కావని తేల్చింది. ఉటే హ్యూల్షెగర్, అన్నా షెవె 2011లో అంతకుముందరి మూడు దశాబ్దాల అధ్యయనాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. మనసును ఎక్కువగా దెబ్బతీసేది పైపై నటన అనీ, లోలోపలి నటనకు అంతటి హాని కనిపించలేదనీ ఆ విశ్లేషణ సారం.

3. బర్నౌట్: ఒక మాటకోసం వెతుకులాట

న్యూయార్కులో ఉచిత వైద్యశాలలో పనిచేసిన మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో ‘బర్నౌట్’ అన్న మాటను శాస్త్ర వ్యవహారంలోకి తెచ్చారు. క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ 1981లో దానిని కొలిచే ప్రశ్నావళిని ప్రకటించారు. వారి లెక్కలో దీనికి మూడు ముఖాలు: భావోద్వేగాలు అడుగంటిన అలసట, ఎదుటివారిని మనిషిగా కాక ఒక కేసుగానో, వస్తువుగానో చూడడం, తన పనికి విలువ ఉందన్న నమ్మకం సన్నగిల్లడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ పదకొండో కూర్పులో చేర్చింది. అక్కడ కూడా దీన్ని వ్యాధిగా చెప్పలేదు. పనిచోటుకు సంబంధించిన స్థితిగా మాత్రమే నిర్వచించింది. లోపం మనిషిలో ఉందా, పనిచోటులో ఉందా అన్న ప్రశ్నకు ఆ నిర్వచనంలోనే సగం జవాబుంది.

తెలుగులో దీన్ని ‘వృత్తిదహనం’ అని అనువదిస్తే అర్థం తెలియకపోగా చదువరికి అగ్నిప్రమాదం స్ఫురిస్తుంది. ‘ఒత్తిడి’ అంటే సరిపోదు. ఒత్తిడిలో మనిషి ఇంకా పెనుగులాడుతూ ఉంటాడు. ‘విసుగు’ అంటే అది క్షణికం. ‘మొహం మొత్తడం’ కొంత దగ్గరగా వస్తుంది కాని దానికి ఎక్కువైన సుఖాన్ని సూచించే గుణం కూడా ఉంది. పని చేస్తూనే ఉండి, చేసే సత్తువ లోపల లేకపోవడాన్ని చెప్పగల మాటగా నాకు ‘నిస్సత్తువ’ తోచింది. ఇది శరీరానికీ మనసుకూ రెండింటికీ వర్తించే మాట, పల్లెలో అందరికీ తెలిసిన మాట. ఇకపై ఈ వ్యాసంలో బర్నౌట్ అన్న పారిభాషిక పదాన్నీ, నిస్సత్తువ అన్న మాటనూ ఒకే అర్థంలో వాడుతున్నాను.

4. మర్యాద వ్యాకరణం

హోక్‌షీల్డ్ పరిశీలించిన పరిచారిక ప్రయాణికుణ్ణి ‘యూ’ అంటుంది. ప్రయాణికుడూ ఆమెను ‘యూ’ అంటాడు. అందువల్ల అక్కడి మర్యాదలో ఎక్కువ భాగం ముఖం మీదికి, గొంతులోకి చేరింది. తెలుగులో ఆ పని చాలావరకు వ్యాకరణమే చేస్తుంది. మధ్యమపురుషలో నువ్వు, మీరు, తమరు. ప్రథమపురుషలో వాడు, అతను, ఆయన, వారు. అది, ఆమె, ఆవిడ, వారు. వీటిలో ఏదో ఒకదాన్ని ఎంచుకోకుండా తెలుగులో ఎదుటి మనిషి గురించి ఒక వాక్యమైనా పూర్తిచేయడం కష్టం. సర్వనామాన్ని దాచినా క్రియ బయటపెడుతుంది. ‘వచ్చావా’ అంటే ఒకటి, ‘వచ్చారా’ అంటే మరొకటి.

రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో ఐరోపా భాషల సర్వనామాలను పరిశీలించి రెండు సూత్రాలు చెప్పారు. అధికారం ఉన్నచోట సర్వనామాలు అసమానంగా సాగుతాయి: పైవారు ‘నువ్వు’ అంటారు, కిందివారు ‘మీరు’ అంటారు. చనువు ఉన్నచోట ఇరుపక్కలా ఒకే రూపం నడుస్తుంది. తెలుగు పల్లెలో మూడోది కూడా ఉంది. అది వరస. సోంపేట, కవిటి, మందస పరిసరాల్లో అమ్మను, నాన్నమ్మను ‘నువ్వు’ అనడంలో అమర్యాద లేదు. అమ్మా, అప్పా, మావా, బావూ అన్న పిలుపు ఆ ‘నువ్వు’కు గౌరవాన్ని అద్దుతుంది. గోదావరి వైపు వినిపించినంత దట్టంగా ఇక్కడి మాటలో ‘అండి’ వినిపించదు. ‘ఏటి బావూ, ఇప్పుడే వస్తన్నావా’ అన్న పలకరింపులో గౌరవం ఎక్కడుందో బయటివారికి వెంటనే దొరకదు. అది ‘బావూ’లో ఉంది.

ఇదే మనిషి కౌంటరు వెనక నిలబడగానే జరిగే మార్పులు మూడు. వరస పిలుపు పోయి ‘సార్’, ‘మేడమ్’ వస్తాయి. ‘నువ్వు’ పూర్తిగా నిషిద్ధమై ‘మీరు’, దాని వెంట ‘అండి’ వస్తాయి. ‘ఏటి’ పోయి ‘ఏంటి’, ‘వస్తన్నాను’ పోయి ‘వస్తున్నాను’ వస్తాయి. శిక్షణ ఇచ్చే హోటళ్లలో మూడో మార్పును కూడా నేర్పుతారు. చిన్న లాడ్జీల్లో అతిథుల వెక్కిరింపే నేర్పుతుంది. పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం మీద వచ్చేవారితో హిందీ, సరిహద్దు దాటి వచ్చేవారితో ఒడియా మాట్లాడవలసి రావడం సరేసరి. ఆ భాషలు రాకపోతే ఎవరూ తప్పుబట్టరు. తన తెలుగు తప్పయినప్పుడు మాత్రం నవ్వుతారు. కడుపులో ఉన్న మాటను నాలుక మీద మార్చుకొంటూ రోజుకు పది గంటలు గడపడం భావోద్వేగ శ్రమలో భాగమేనని నా అభిప్రాయం. ఇంగ్లీషు ప్రశ్నావళుల్లో దీనికి చోటు లేదు.

ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. రాత్రి ఆలస్యంగా రైలు దిగి వచ్చిన అతిథి గదిలో ఏసీ పనిచేయలేదు. అతడు కిందికి వచ్చి ‘ఎవడ్రా ఇక్కడ’ అంటాడు. కౌంటరులోని మనిషి ‘సారీ సార్, ఇప్పుడే చూయిస్తాం సార్’ అంటాడు. అతిథి వెళ్లాక వెనకగదిలోకి తిరిగి ‘ఆ రెండొందల నాలుగోడు మళ్లీ మొదలెట్టేడు’ అంటాడు. మాస్లాక్ చెప్పిన రెండో ముఖం, అంటే ఎదుటి మనిషిని మనిషిగా చూడకపోవడం, తెలుగులో ఎలా వినిపిస్తుందో ఈ చివరి వాక్యం చూపుతుంది. మనిషి స్థానంలో గది సంఖ్య వచ్చింది. ‘వారు’ పోయి ‘ఓడు’ వచ్చింది. లాడ్జీల్లో వాడే ‘పార్టీ’ అన్న మాట ఇంకో అడుగు ముందుకు వేస్తుంది: ‘పార్టీ దిగింది’, ‘పార్టీ ఖాళీ చేసింది’. ఇక్కడ మనిషి వ్యాకరణరీత్యా నపుంసకలింగమైపోయాడు. ‘నాలుగో టేబులు కాఫీ అడుగుతోంది’ అన్న వాక్యమూ ఈ జాతిదే. అతిథి స్త్రీ అయినప్పుడు ఈ జారుడును క్రియలో పట్టుకోవడం కష్టం. తెలుగులో ‘ఆమె వచ్చింది’, ‘అది వచ్చింది’ రెండింటికీ క్రియ ఒకటే కదా. ఈ మెలిక పరిశోధకులు గమనించదగినది.

ఇలాంటి మాటలన్నీ నిస్సత్తువకు గుర్తులని అనలేం. కొన్ని వృత్తి పరిభాషలో భాగం. కొన్ని కాసేపు ఊపిరి పీల్చుకొనేందుకు ఆడుకొనే మాటలు. వెనకగదిలో అతిథిని ‘వాడు’ అని, బయట ‘మీరు’ అని అనగలుగుతున్నంతకాలం మనిషికి రెండు గదులున్నాయి. ఇంటికి వెళ్లాక కూడా భార్యనో, తల్లినో వరసతో పిలవాలనిపించకపోతే, పిలిస్తే పలకాలనిపించకపోతే, అప్పుడు ఆలోచించాలి.

5. చిన్న ఊరి మర్యాదకు గిరాకీ

2008 నవంబరు 26న ముంబయి తాజ్ హోటల్ మీద ఉగ్రవాదుల దాడి జరిగినప్పుడు సిబ్బంది పారిపోకుండా అతిథులను కాపాడిన తీరు ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. 11 మంది సిబ్బంది ఆ క్రమంలో ప్రాణాలు కోల్పోయారు. దీనిపై రోహిత్ దేశ్‌పాండే, అంజలి రైనా 2011 డిసెంబరులో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశారు. ఆ సంస్థ ముందువరుస ఉద్యోగాలకు మహానగరాల కంటే చిన్న పట్టణాల యువతనే ఎక్కువగా ఎంచుకొంటుందని, పెద్దలపట్ల గౌరవం వంటి విలువలు అక్కడ ఇంకా నిలిచి ఉన్నాయన్నది అందుకు కారణమని వారు వివరించారు. ఎంపికలో చూసే గుణాలు మూడు: పెద్దలంటే గౌరవం, ఉల్లాస స్వభావం, మూడోది అవసరం. ఆ కుటుంబానికి ఈ జీతం ఎంత అవసరమో కూడా యోగ్యతల్లో ఒకటి.

మొదటి రెండింటినీ చదివి సంతోషించే మనం మూడోదాని దగ్గర ఆగక తప్పదు. సిబ్బంది త్యాగాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ సంస్థ తన సిబ్బందిని ఆదరించే పద్ధతులను కూడా ఆ వ్యాసం వివరంగానే చెప్పింది. అయినా గౌరవమూ అవసరమూ ఒకే జాబితాలో చేరినప్పుడు, వినయం ఎక్కడ ముగిసి గత్యంతరం లేకపోవడం ఎక్కడ మొదలవుతుందో తెలియదు.

ఉద్దానం ఆ జాబితాకు అచ్చంగా సరిపోయే ప్రాంతం. ఉద్యానం అన్న మాట నుంచి వచ్చిందని చెప్పే ఈ పేరుకు తగినట్టుగా కొబ్బరి, జీడి, పనస తోటలే ఇక్కడి బతుకు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. తోటలు నేలమట్టమయ్యాయి. పొడవు రకం కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అన్నేళ్లు ఇంట్లో పొయ్యి ఆగదు. దానికి తోడు మూత్రపిండాల వ్యాధి. ఈ ప్రాంతానికి దేశమంతటా పేరు తెచ్చిన విషాదం అది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమూ, 200 పడకల ఆసుపత్రీ ప్రారంభమయ్యాయి. డయాలసిస్ ఉచితమైనా, వారానికి రెండు మూడు సార్లు రోగిని తీసుకువెళ్లే మనిషి కూలి పోతుంది. అలాంటి ఇంటినుంచి విశాఖకో, హైదరాబాదుకో, గల్ఫుకో హోటల్ పనికి వెళ్లిన పిల్లవాడికి ‘సార్, ఇక చాలు’ అని బయటికి నడిచే వీలు లేదు. ఉద్యోగం వదలలేకపోవడం నిస్సత్తువను పెంచే కారణాల్లో ముఖ్యమైనది.

డెల్టా శిక్షకులు తరగతి గదిలో కష్టపడి ఊహింపజేసిన దృశ్యం, అంటే ప్రయాణికుడు ఇంటికి వచ్చిన చుట్టం అన్న భావం, ఉద్దానం పిల్లలకు ఊహించుకోనక్కరలేదు. కొత్తవాడు ఊళ్లోకి వస్తే ‘ఎవరి తాలూకు’ అని అడిగి వరస కలుపుకోవడం వారికి పుట్టుకతో వచ్చింది. సిద్ధాంతం ప్రకారం ఇది లోలోపలి నటనకు సిద్ధంగా దొరికే ముడిసరుకు. లోలోపలి నటన అంత హానికరం కాదని పరిశోధన చెబుతోంది కనుక వీరికి నిస్సత్తువ తక్కువగా ఉండాలి. నా ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. వరస ఎప్పుడూ రెండువైపుల సంబంధం. నేను మావా అంటే ఎదుటివాడు అల్లుడా అంటాడు. నేను అప్పా అంటే ఆవిడ తమ్ముడా అంటుంది. ఒకరి పిలుపులో రెండోవారి పిలుపు ముందే ఇమిడి ఉంటుంది. కౌంటరు దగ్గర ఈ తిరుగు పిలుపు రాదు. చుట్టంగా భావించి ఆదరించిన మనిషి నుంచి ‘ఏయ్’ వస్తుంది. ఆ ఒక్క మాటతో లోలోపలి నటన కూలి, మిగిలేది పైపై నటనే. రోజుకు ఎన్నిసార్లు ఇలా జారిపడవలసి వస్తుందన్న దాన్నిబట్టి నిస్సత్తువ ఉంటుందని నా ప్రతిపాదన. పని ఎంత, గంటలెన్ని అన్నవి దీని తరువాతివి. ఇది క్షేత్ర పరిశోధనతో నిగ్గుతేలవలసిన ప్రతిపాదనే.

6. పూటకూళ్ళమ్మ చీపురు

డబ్బు తీసుకొని అన్నం పెట్టే వృత్తి తెలుగు సాహిత్యానికి కొత్తకాదు. ఓరుగల్లు పూటకూటి ఇంటి భోజనాన్ని క్రీడాభిరామం వర్ణించింది. మన చర్చకు ఎక్కువ పనికివచ్చేది మాత్రం విజయనగరం పూటకూళ్ళమ్మ. గురజాడ కన్యాశుల్కం 1909 నాటి రూపంలో ఈమె కనిపించేది కాసేపే. ఆమెకు పేరు లేదు, వృత్తే పేరు. ఇందులో ఆమె రూమ్ బాయ్‌కు ముందుతరం మనిషి. అయితే గిరీశం మోసం తెలిశాక ఆమె చీపురు పట్టుకొని మధురవాణి ఇంటికే వస్తుంది. తన చేతి అన్నం తిన్నవాణ్ణి తిట్టడానికి ఆమె ఎవరి అనుమతీ అడగలేదు. సమాజంలో ఆమె స్థానం చాలా కిందిది. అయినా ఆ ఇల్లు ఆమెది, పొయ్యి ఆమెది, అందుకే కోపమూ ఆమెదే.

జీతగాడికి ఆ చీపురు లేదు. ఇవాళ అతిథి చేతిలో సెల్‌ఫోను ఉంది; రెండు నక్షత్రాలిచ్చి, సర్వరు మొహం చిట్లించాడని రాస్తే యజమాని అడిగేది సర్వరునే. ఆ రాత మరుసటి రోజూ, మరుసటి ఏడూ అక్కడే ఉంటుంది. పర్యవేక్షకుడి పని అతిథి చేతికి వెళ్లిపోవడం సేవారంగంలో ఇటీవలి పెద్ద మార్పు. దీన్ని గురించి తెలుగు కథ ఇంకా విస్తారంగా రాయవలసే ఉంది.

7. ఎవరు ఏడుస్తారు, ఎవరు ఏడవరు

హోక్‌షీల్డ్‌కు చాలా ముందే, 1940లలో, విలియం ఫుట్ వైట్ షికాగో రెస్టారెంట్లను పరిశీలిస్తూ వింతగా తోచే ప్రశ్న ఒకటి వేశారు: రద్దీ వేళ కొందరు వెయిట్రెస్‌లు ఏడుస్తారు, కొందరు ఏడవరు, ఎందుకు? అతిథి కోరికలకు స్పందిస్తూ పోయేవారు తట్టుకోలేకపోయారని, మాటతో అతిథినే నడిపించగలిగినవారు నిలబడ్డారని ఆయనకు తోచింది. మన టిఫిను హోటళ్లలో పాతకాపు సర్వరును చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అతడు వచ్చీ రాగానే ‘వేడి వేడిగా ఇడ్లీ ఉంది, దోసె ఆలస్యం అవుతుంది’ అని తేల్చేస్తాడు. అడిగేవారి కంటే ముందు అతడే మాట అందుకొంటాడు. రోజూ వచ్చేవారిని బావూ అంటాడు, వారూ అతణ్ణి ఏదో వరసతో పిలుస్తారు. వ్యాపారం మధ్యలోనే తిరుగు పిలుపు సంపాదించుకొన్న మనిషి అతడు. రేచల్ షెర్మన్ అమెరికా విలాస హోటళ్లపై 2007లో ప్రచురించిన ‘క్లాస్ యాక్ట్స్’లోనూ ఇలాంటి ఇచ్చిపుచ్చుకోలు కనిపిస్తుంది. అతిథి మర్యాదగా ఉంటే సిబ్బంది మనసుపెట్టి చేస్తారు, లేకపోతే చాటుగా మనసును వెనక్కి తీసుకొంటారు.

అంటే చిన్న హోటలే మేలు, పెద్దదే కీడు అని సూత్రీకరించడానికి లేదు. చిన్న లాడ్జిలో యజమాని చుట్టమే కావచ్చు. ఆ చుట్టరికం పేరుతోనే వారపు సెలవు ఎగ్గొట్టడమూ జరుగుతుంది. వరస కూడా దోపిడీకి ముసుగు కాగలదు.

8. చట్టం ఎంతవరకు

ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 పనిగంటలను, వారపు సెలవును, జీతంతో కూడిన సెలవులను నియంత్రిస్తుంది. హోటళ్లూ దాని పరిధిలోవే. అయితే అది గడియారాన్ని చూసే చట్టం. హాని వినియోగదారుడి నుంచి కూడా రావచ్చని గుర్తించినది పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధ చట్టం, 2013. పనిచోటుకు వచ్చే బయటివారి నుంచి కూడా ఉద్యోగినికి భద్రత కల్పించడం యజమాని విధి అని 19వ సెక్షను చెబుతుంది. పదిమంది లేని సంస్థల్లో పనిచేసేవారు జిల్లాస్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. లాడ్జి కౌంటరులో పనిచేసే అమ్మాయిల్లో ఎంతమందికి ఈ సంగతి చెబుతున్నాం? డిగ్రీ కళాశాలల్లో నైపుణ్య శిక్షణ పేరుతో చిరునవ్వు ఎలా నవ్వాలో నేర్పే తరగతిలో పది నిమిషాలు దీనికి కేటాయించవచ్చు.

దక్షిణ కొరియా ఇంకొంచెం ముందుకు వెళ్లింది. వినియోగదారుడు తిట్టినా, బెదిరించినా ఉద్యోగిని ఆ పనినుంచి తాత్కాలికంగా తప్పించి విశ్రాంతి ఇవ్వడం వంటి చర్యలు యజమాని బాధ్యత అని 2018 అక్టోబరు నుంచి అక్కడ చట్టం ఉంది. స్త్రీ, పురుష భేదం లేకుండా వర్తించే ఈ రక్షణను అక్కడ ‘భావోద్వేగ శ్రామికుల రక్షణ చట్టం’ అనే వాడుకలో పిలుస్తారు. సామాజిక శాస్త్రం పుట్టించిన మాట చట్టసభ దాకా నడిచిందన్నమాట.

9. ప్రశ్న ఎలా అడగాలి

ఈ విషయంపై తెలుగు ప్రాంతాల్లో పరిశోధన చేయదలచినవారు ఇంగ్లీషు ప్రశ్నావళిని అనువదించి, హోటలు కౌంటరు మీదే పెట్టి నింపించుకొంటే వచ్చేవి మర్యాదపూర్వకమైన జవాబులే. ‘బాగానే ఉంది సార్’ అన్నది కూడా భావోద్వేగ శ్రమే. అది పరిశోధకుడి కోసం చేసినది. యజమాని కనుచూపులో అడగకూడదు. ‘మీరు’ అంటూ ప్రామాణిక భాషలో అడిగిన ప్రశ్నకు జవాబూ ప్రామాణిక భాషలోనే వస్తుంది, అందులో మనిషి దొరకడు. ఆ యాస తెలిసినవారు, వీలైతే ఆ ఊరివారు, సెలవు రోజున ఇంటి దగ్గర అడగాలి.

పదాల సేకరణ కూడా అవసరం. 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తి పదకోశాల ఒరవడిలో హోటల్ పనివారి మాటలను పోగుచేయవచ్చు. వారు అతిథిని ముందు ఏమంటారు, వెనక ఏమంటారు, ఒకరినొకరు ఏమని పిలుచుకొంటారు, యజమానిని ఏమంటారు అన్నవన్నీ ఆ పదకోశానికి ఎక్కాలి. తెలుగు శాఖలు చేయగల పని ఇది. దీన్ని మనస్తత్వ శాస్త్రజ్ఞులకు వదిలేయనక్కరలేదు. కొలమానానికి నేను సూచించే ప్రశ్నలు రెండు మూడు ఉన్నాయి. నిన్న పనిలో మిమ్మల్ని పేరుతోగాని, వరసతోగాని పిలిచినవారు ఎందరు? మీరు ఎవరినైనా చూసి, మనూరి మనిషిలా ఉన్నాడే అనుకొని ఎన్నాళ్లయింది? ఇంటికి ఫోను చేసినప్పుడు ‘చెప్పండి’ అని మొదలుపెట్టి, అవతల అమ్మ నవ్వితే, మాట మార్చుకోవలసి వచ్చిందా?